పాత పికప్‌లో డీజిల్ లైను లీకు: తాత్కాలిక రిపేరుతో సీజన్ గడుస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 2007 మోడల్ బొలేరో పికప్, పాత డీఐ ఇంజన్. నరసరావుపేట వైపు నుంచి గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు (బస్తాలు) తోలుతున్నారు. పొద్దున్నే స్టార్ట్ చేయాలంటే చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. లోడుతో ఉన్నప్పుడు ఎత్తు ఎక్కాలంటే బండి దగ్గి ఆగిపోతోంది. ఛాసిస్ పక్కన డీజిల్ తడి కనిపిస్తే ఊళ్ళో మెకానిక్ తుప్పు పట్టిన ఇనుప పైపును కోసి, మధ్యలో లోపల కనిపించే తెల్లటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి బైండింగ్ వైరుతో బిగించాడు. రెండు ఫిల్టర్లలో ఒకటి "జామ్ అవుతోంది" అని తీసేశాడు. యార్డుకి వేసవి సెలవులు ఇచ్చేదాకా ఇలాగే నడపొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇప్పుడున్న స్థితిలో రేపటి లోడు కూడా వేయకండి. అయితే పెద్ద రిపేరేమీ అక్కర్లేదు. ఆ ప్లాస్టిక్ గొట్టం తీసి అసలైన డీజిల్ హోస్ (డీజిల్‌ని తట్టుకునే రబ్బరు గొట్టం) వేయించండి, వైరు తీసి క్లిప్పులు బిగించండి, ఫిల్టర్ మళ్ళీ పెట్టించండి. ఇది ఒక పూట పని. ఆ తర్వాత సీజన్ నడుపుకుని, సెలవుల్లో లైను మొత్తం మార్పించుకోండి. ఆ తాత్కాలిక రిపేరు కూడా ట్యాంకు నుంచి పంపు దాకా ఉండే లైనుకు, మిగిలిన డీజిల్‌ని ట్యాంకుకి తిప్పి పంపే రిటర్న్ లైనుకు మాత్రమే పనికొస్తుంది. పంపు దాటి, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళ వైపు వెళ్ళే పైపులకు తాత్కాలిక రిపేరు అనేదే లేదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపుల పని చేస్తాను. ఇలాంటి బండ్లు మా దగ్గరికి వచ్చేసరికి యజమాని అప్పటికే ఫీడ్ పంపు (ట్యాంకులోంచి డీజిల్ లాగి అందించే చిన్న పంపు), నాజిళ్ళు మార్పించుకుని డబ్బు వదిలించుకుని ఉంటాడు. తీరా చూస్తే లోపం ఏదో హోస్ చివర ఉంటుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు జరుగుతున్నదేమిటో చూడండి. మీ బండిలో ట్యాంకు కింద ఉంటుంది, పంపు పైన ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పంపు డీజిల్‌ని లాక్కుంటుంది. అంటే ఆ లైనులో ఒత్తిడి బయటికి కాదు, లోపలికి పీల్పు ఉంటుంది. కొబ్బరి బోండాం తాగేటప్పుడు స్ట్రాకి చిల్లు పడితే నీళ్ళు కారవు, గాలి వస్తుంది. ఇక్కడా అంతే. చిల్లు ఉన్నచోట ఇంజన్ నడుస్తున్నప్పుడు గాలి లోపలికి పోతుంది, ఆపాక డీజిల్ బయటికి చెమరుస్తుంది. రాత్రంతా ఆగి ఉంటే లైనులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వచ్చేది అందుకే. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌కు డీజిల్ ఎక్కువ కావాలి, పీల్పు పెరుగుతుంది, ఆ చిల్లులోంచి గాలీ ఎక్కువ వస్తుంది. ఖాళీ బండి బాగానే నడిచి లోడు బండి ఆగిపోవడానికి కారణం అదే. కాబట్టి తడి ఎంత కారుతోంది అన్నదాన్ని బట్టి లీకు పెద్దదా చిన్నదా అని అంచనా వేయకండి. చుక్క కూడా కారకుండా బండిని రోడ్డు మీద నిలబెట్టే లీకులు ఉంటాయి.

గాలి ఎక్కడ లాగుతోందో కనుక్కోవడం. మీ మెకానిక్ వేసిన ఆ పారదర్శక గొట్టం రిపేరుకు పనికిరాదు గానీ, కనుక్కోవడానికి మాత్రం భలే పనికొస్తుంది. ఒక జానెడు ముక్క తీసుకుని ఫిల్టర్ దాటాక, పంపుకి ముందు పెట్టండి. లైనులో ఎయిర్ తీసి (ఎలాగో చివర్లో చెప్పాను) ఇంజన్ స్టార్ట్ చేసి రేసు ఇస్తూ చూడండి. మొదట్లో కాసేపు బుడగలు వచ్చి ఆగిపోతే పర్వాలేదు, అది లోపల మిగిలిన గాలి. ఆగకుండా సన్నటి ముత్యాల్లా వరసగా వస్తూనే ఉంటే లీకు ఉన్నట్టే.

ఇప్పుడు ఒక శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, ఫిల్టర్‌కి వచ్చే పైపు విప్పి, అక్కడికి డబ్బాలోంచి నేరుగా హోస్ పెట్టండి. డబ్బా నేల మీదే ఉండాలి. పైన పెడితే డీజిల్ తనంతట తాను దిగి లీకు దాక్కుంటుంది. బుడగలు ఆగిపోయాయా? అయితే తప్పు ట్యాంకుకి, ఫిల్టర్‌కి మధ్య ఉంది. ఆగలేదా? ఫిల్టర్ గ్యాస్కెట్, చేతి ప్రైమర్ (చేత్తో కొట్టి డీజిల్ ఎక్కించే చిన్న పంపు), బాంజో బోల్టుల (మధ్యలోంచి డీజిల్ వెళ్ళే బోలు బోల్టుల) కింద ఉండే రాగి వాషర్లు, వీటిలో ఎక్కడో ఉంది. ఈ పరీక్షకి అయ్యే ఖర్చు హోస్ ముక్క ధరే. అది చేయకుండా ఫీడ్ పంపు మార్చమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

ట్యాంకు వైపు లోపం ఉందని తేలాక చాలామంది బయటి పైపు చూసి ఆగిపోతారు. కూరగాయలు తోలే ఒకాయన బండి మా దగ్గరికి వచ్చింది. ట్యాంకు నిండుగా ఉంటే బంగారంలా నడిచేది. సగానికి దిగిందంటే ఘాట్‌లో ఆగిపోయేది. లైను మార్చారు, ఫిల్టర్ మార్చారు, నాజిళ్ళు కూడా సర్వీసు చేయించారు. ట్యాంకు లోపలికి దిగే పీల్చే పైపు మధ్యలో తుప్పు పట్టి సన్నగా పగిలి ఉంది. డీజిల్ మట్టం ఆ పగులుకి పైన ఉన్నంతసేపూ డీజిల్ పీలుస్తుంది, కిందికి దిగగానే గాలి పీలుస్తుంది. మీ బండి కూడా ట్యాంకు తగ్గినప్పుడే ఎక్కువ ఇబ్బంది పెడుతోందా అన్నది గమనించండి. అలా అయితే తాత్కాలికంగా చేయగలిగింది ఒకటే, ట్యాంకు ఎప్పుడూ సగానికి పైన ఉంచుకోవడం.

ఇంకో చిన్న సంగతి. బండి ఆగిపోయిన వెంటనే ట్యాంకు మూత తిప్పి చూడండి. "సుస్స్" మని గాలి లోపలికి లాగితే మూతలో ఉండే గాలి రంధ్రం మట్టితో పూడిపోయింది. మూత కడిగి ఊదితే సరిపోతుంది. మిర్చి దుమ్ములో తిరిగే బండికి ఇది కొత్త కాదు.

ఆ ప్లాస్టిక్ గొట్టం ఎందుకు వద్దు. నీళ్ళ మోటారుకి వాడే తెల్లటి పీవీసీ గొట్టం మెత్తగా ఉండటానికి అందులో కలిపే పదార్థాన్ని డీజిల్ కరిగించి లాగేసుకుంటుంది. కొన్నాళ్ళకి అది పసుపు పచ్చగా, కర్రలా గట్టిపడుతుంది. చివర్లు వదులై గాలి లాగుతుంది, వంపు దగ్గర చిట్లుతుంది. అదే గొట్టం సైలెన్సర్ వేడి తగిలేచోట ఉంటే మెత్తబడి, పీల్పుకి అతుక్కుపోయి దారి మూసుకుపోతుంది. సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టడం కూడా అంతే, ఆ రబ్బరు డీజిల్‌కి ఉబ్బి జిగురులా తయారవుతుంది. బైండింగ్ వైరు అయితే హోసును చుట్టూ సమానంగా నొక్కదు. ముడి వేసిన చోట కోస్తుంది, మిగతా చోట వదులుగా ఉంటుంది.

సరిగ్గా చేయాలంటే ఇలా. తుప్పు పట్టిన భాగం రెండు వైపులా గట్టి లోహం తగిలేదాకా కోయించండి. పైపు కట్టర్‌తో కోస్తే మంచిది. హాక్సా బ్లేడుతో కోస్తే ఇనుప రజను లోపలికి పోతుంది, ఆకురాయితో అంచులు రుద్దాక కంప్రెసర్ గాలితో ట్యాంకు వైపుకి కాకుండా బయటికి ఊదాలి. హోసు షాపులో "డీజిల్ హోస్" అని అడగండి, దాని మీద ఎస్ఏఈ జే30 ఆర్7 లాంటి ముద్ర ఉందో లేదో చూసి కొనండి. లోపలి కొలత పైపుకి బిగుతుగా సరిపోవాలి. పైపు మీదికి ఒక్కో వైపు కనీసం అంగుళం ఎక్కాలి. పైపు చివర చిన్న గట్టు తేల్పిస్తే హోసు జారదు. ఆ గట్టు దాటాక, పైపు చివరకి దూరంగా ఉన్న వైపు క్లిప్పు వేయాలి, గట్టు మీద కాదు. క్లిప్పు అతిగా బిగిస్తే పట్టీ రబ్బరులోకి దిగి కోసేస్తుంది. రబ్బరు కొంచెం ఉబ్బినట్టు కనిపించగానే ఆపండి.

హోసు ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది. ఛాసిస్ అంచుకు రాసుకోకుండా, సైలెన్సర్ పైపుకి దూరంగా ఉండేలా పట్టీలు వేయించండి. క్లిప్పు బాగానే ఉండి, హోసు ఛాసిస్ చిల్లు అంచుకు రాసుకుని కోసుకుపోయిన బండ్లు మా దగ్గరికి చాలా వస్తాయి.

కొందరు రాగి పైపు వేయమంటారు, ఎలా కావాలంటే అలా వంగుతుంది కాబట్టి. బండి వణుకుడికి రాగి గట్టిపడి పగులుతుంది, పైగా రాగి తగిలితే డీజిల్ తొందరగా చెడి జిగురు కడుతుంది. ఇనుప పైపే వేయించండి.

రాగి వాషర్లు. రోడ్డు మీద కొత్తవి దొరకనప్పుడు పాతవే మళ్ళీ పనికొచ్చేలా చేసుకోవచ్చు. ఒకసారి నలిగిన వాషరు గట్టిపడి ఉంటుంది, మళ్ళీ బిగించినా సీలు కాదు. దాన్ని టీకొట్టు స్టవ్ మీద పట్టకారుతో పట్టుకుని ఎర్రబడేదాకా కాల్చి నీళ్ళలో వేయండి. రాగి మెత్తబడుతుంది. పైన పట్టిన నల్ల పొరను నున్నటి ఎమెరీ కాగితం అద్దం మీద పరిచి దానిమీద గుండ్రంగా రుద్ది తీసేస్తే చాలు. అల్యూమినియం వాషర్లతో ఈ పని చేయకండి, అవి ఎర్రబడకుండానే కరిగిపోతాయి. ఇక థ్రెడ్లకి టెఫ్లాన్ టేపు చుట్టడం మాత్రం వద్దే వద్దు. ఈ జాయింట్లు సీలయ్యేది వాషరు దగ్గర, థ్రెడ్ల దగ్గర కాదు. టేపు పోగులు తెగి వెళ్ళి పంపు నోట్లో జాలీకి అడ్డం పడతాయి.

తీసేసిన ఫిల్టర్ గురించి. మీ మొత్తం ప్రశ్నలో నాకు ఎక్కువ టెన్షన్ కలిగించింది ఇదే. రెండు బౌల్స్ ఉన్న సెట్టులో మొదటిది గుడ్డ ఫిల్టర్, రెండోది పేపర్ ఫిల్టర్. మొదటిది పెద్ద మురికిని, రెండోది కంటికి కనపడని రేణువులను ఆపుతుంది. పంపు లోపల డీజిల్‌ని నెట్టే ప్లంజరుకి, దాని గొట్టానికి మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ సందులో వేరే ఆయిల్ ఉండదు, డీజిలే దానికి నూనె. అక్కడికి ఇసుక, నీళ్ళు, తుప్పు వెళ్తే గీతలు పడతాయి. మొదట బండి లాగే శక్తి తగ్గుతుంది, తర్వాత ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదు. ఫిల్టర్లు రెండూ కలిపి కొన్ని వందల్లో పోతాయి. పంపు ఎలిమెంటు, హెడ్డు మార్చాల్సి వస్తే వేలల్లో ఉంటుంది.

ఫిల్టర్ జామ్ అవుతోందంటే తప్పు ఫిల్టర్‌ది కాదు, ట్యాంకులో మురికి ఉంది. ట్యాంకు కింద డ్రెయిన్ బోల్టు విప్పి ఒక గాజు సీసాలో పట్టండి. అడుగున నీళ్ళు వేరుగా నిలుస్తాయి, తుప్పు పొడి కనిపిస్తుంది. నీళ్ళు, తుప్పు రావడం ఆగి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. మోటార్ సైకిల్‌కి వాడే చిన్న ప్లాస్టిక్ ఫిల్టర్‌ని అసలు ఫిల్టర్ స్థానంలో పెట్టడం కూడా చూస్తుంటాను. అది అంత సన్నటి మురికిని ఆపదు, లోడు మీద సరిపడా డీజిల్‌నూ వదలదు.

పంపు దాటిన పైపులు. మీ రకం ఇంజన్‌లో నాజిల్ తెరుచుకోవడానికే దాదాపు 200 బార్ ఒత్తిడి కావాలి. కారు టైరులో ఉండేది రెండున్నర బార్ దరిదాపుల్లో, పోల్చుకోండి. కొత్త కామన్ రైల్ బండ్లలో 1600 బార్, అంతకు మించి కూడా ఉంటుంది. అక్కడ ఎం-సీలు, హోసు, క్లిప్పు ఏవీ నిలవవు. ఆ పైపుకి పగులు వస్తే కొత్త పైపే వేయాలి. ఒక సిలిండరు పైపు ఇంకో సిలిండరుకి వంచి పెట్టకండి, నాలుగింటి పొడవూ ఒకేలా ఉండేలా చేస్తారు, టైమింగ్ దాని మీద ఆధారపడి ఉంటుంది. పైపులన్నిటినీ కలిపి పట్టి ఉంచే చిన్న క్లాంపులు ఊడిపోతే వెంటనే పెట్టించండి. చాలా పైపులు పగిలేది ఆ క్లాంపులు లేక వణకడం వల్లే.

ఇంజన్ నడుస్తుండగా అక్కడ లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడొద్దు. అట్ట ముక్క దగ్గరగా పెట్టి చూడండి. సూది లాంటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్ళిపోతుంది. పైకి చిన్న చుక్క గాయంలా ఉంటుంది, మొదట్లో పెద్దగా నొప్పి ఉండదు. గంటల్లో వేలు వాచి, లోపలి కండ చచ్చిపోవడం మొదలవుతుంది. అలా జరిగితే పసుపు రాసి ఊరుకోకుండా సర్జన్ ఉన్న పెద్ద ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి. "డీజిల్ ప్రెషర్‌తో లోపలికి వెళ్ళింది" అని ఆ మాటే చెప్పాలి.

ట్యాంకుకి చిల్లు పడితే. బట్టల సబ్బు బిళ్ళ గట్టిగా రుద్దితే చెమ్మ ఆగుతుంది, డీజిల్‌కి సబ్బు కరగదు. అది టౌను చేరడానికి. ఎం-సీలు పెట్టాలంటే డీజిల్ మట్టం చిల్లు కిందికి దించి, రంగు పోయి లోహం మెరిసేదాకా ఎమెరీ కాగితంతో రుద్ది, తుడిచి, ఆరాక పెట్టాలి. తడి మీద పెడితే పైకి గట్టిపడినట్టు ఉంటుంది, లోపల అంటుకోదు.

వెల్డింగ్ మాట ఎత్తితే ఒప్పుకోకండి. "ఖాళీ ట్యాంకే కదా, డీజిలే కదా" అంటారు. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, అందులో ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. మన దగ్గర డీజిల్ ఫ్లాష్ పాయింటుకి (ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడికి) ప్రమాణంలో పెట్టిన కనీస హద్దు 35 డిగ్రీలు. పల్నాడులో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే అంతకన్నా ఎక్కువ వేడి ఉంటుంది, వెల్డింగ్ రాడ్డు సంగతి చెప్పక్కర్లేదు. ట్యాంకు విప్పి రేడియేటర్ షాపులో ఇవ్వండి. వేడినీళ్ళు, సోడాతో కడిగి, ఆవిరి పోగొట్టాక సాల్డరింగో బ్రేజింగో చేస్తారు.

డబ్బా కట్టి నడపడం. క్యాబిన్ వెనక డబ్బా పెట్టి పంపుకి నేరుగా లైను ఇచ్చుకుని యార్డు దాకా వచ్చేవాళ్ళున్నారు. పరీక్ష కోసం అయితే సరే. నడపడానికి వద్దు. డబ్బా ఎత్తులో ఉంటే హోసు ఊడిన క్షణం నుంచి డబ్బా మొత్తం ఇంజన్ మీదికి దిగుతుంది, బండి ఆపినా ఆగదు. కింద సైలెన్సర్ మానిఫోల్డ్, సెల్ఫ్ మోటారు ఉంటాయి. వెనక ఎండు మిర్చి టిక్కీలు, గోనె సంచులు. పాత పెట్రోలు వ్యాన్లు ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే, పైన చెప్పిన తాత్కాలిక పనులేవీ మీకు వర్తించవు. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది. లీకు కనిపిస్తే బ్యాటరీ కనెక్షన్ తీసి బండిని తోసుకుంటూ దూరంగా పెట్టడమే.

మీ పంపు బాడీ మీద, యాక్సిలరేటర్ లివరు దగ్గర తడి ఉంటే అది లైను లీకు కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 డీజిల్ వస్తోంది, సల్ఫర్ 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది) మాత్రమే. అంతకుముందు బీఎస్-4లో 50, బీఎస్-3లో 350 ఉండేది. డీజిల్ తయారీ మారినప్పుడు పాత పంపుల్లో ఏళ్ళుగా ఒక అలవాటుకి ఉబ్బి కూర్చున్న రబ్బరు ఓ-రింగులు ముడుచుకుని చెమర్చడం ఉంది. పైన ఎం-సీలు పూస్తే ప్రయోజనం లేదు, పంపు షాపులో సీళ్ళ కిట్టు వేయించుకోవాలి. ధర తగ్గుతుందని డీజిల్‌లో కిరోసిన్ కలపకండి, పంపుకి ఉన్న కాస్త జిడ్డూ పోతుంది.

పని అయ్యాక ఎయిర్ తీయడం. ఫిల్టర్ పైన బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, చేతి ప్రైమర్ కొడుతూ ఉండండి. నురగ పోయి నిండు డీజిల్ వచ్చాక, ప్రైమర్‌ను నొక్కి పట్టుకుని ఉండగానే ఆ బ్లీడింగ్ స్క్రూ బిగించండి. తర్వాత పంపు దగ్గర అలాగే. అప్పటికీ అందుకోకపోతే రెండు నాజిళ్ళ నట్లు అర చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి, డీజిల్ చిమ్మగానే బిగించండి. ఆ సమయంలో ముఖం, చేతులు దూరంగా ఉండాలి. ఆల్టర్నేటర్ మీద గుడ్డ కప్పండి. సెల్ఫ్ ఒక్కోసారి పది పదిహేను సెకన్లు మించకుండా కొట్టి, నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి. సెల్ఫ్ మోటార్లు ఎక్కువగా కాలిపోయేది ఇలా ఎయిర్ లాక్ అయిన రోజే.

సీటు కింద మీటరు డీజిల్ హోస్, నాలుగు క్లిప్పులు, రాగి వాషర్లు, ఒక ఫిల్టర్, 17-19 స్పానరు, సబ్బు బిళ్ళ పెట్టుకోండి. చిన్న డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ క్యాబిన్‌లో చేతికి అందేచోట ఉండాలి, వెనక టిక్కీల కింద కాదు. మీ బండికి ఎనిమిదేళ్ళు ఎప్పుడో దాటాయి కాబట్టి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. లైను మొత్తం మార్చే పని ఆ తేదీకి ముందు పెట్టుకుంటే రెండూ ఒకేసారి తీరిపోతాయి.

మీరు ఈ సాయంత్రమే డబ్బా పరీక్ష చేసి చూడండి. డబ్బాతో నడిపినప్పుడు బుడగలు ఆగాయా లేదా, ట్యాంకు ఎంత ఉన్నప్పుడు బండి ఆగుతోంది, పంపు మీద తడి ఉందా, ఈ మూడు రాస్తే తర్వాత ఏ భాగం విప్పాలో చెప్తాను.